పెరటి ఫ్రిజ్: తప్పు తడిచేతిది కాదు

మీ ఇంట్లో ఫ్రిజ్ ఎక్కడ ఉంది అని ఎవరినైనా అడిగితే వంటగదిలో అనో, హాల్లో అనో వెంటనే చెబుతారు. మరి పాత ఫ్రిజ్ ఏమైంది అని అడిగితే జవాబు కాస్త ఆలస్యంగా వస్తుంది. కొత్తది కొన్నప్పుడు పాతదానికి దుకాణంవారు కట్టే వెల మనకు నచ్చదు. ఇంకా నడుస్తున్న వస్తువును అంత చవకగా ఎందుకివ్వాలి అనుకొని దాన్ని వెనక వరండాలోకో, పెరట్లోని రేకుల షెడ్డు కిందికో, మేడమీద వంటకని వేసుకున్న పాకలోకో చేరుస్తాం. పెరటి వంట మన ఇళ్లకు కొత్తది కాదు. చేపలు, మాంసం ఇంటి లోపల వండని కుటుంబాలున్నాయి. వేసవిలో పొయ్యి వేడి లోపలికి రాకూడదని బయట వండుకునేవారున్నారు. ఆవకాయ రోజుల్లో, పండుగ పిండివంటల రోజుల్లో వెనక వరండాయే అసలు వంటగది. అక్కడ ఒక ఫ్రిజ్ ఉంటే పాలకు, దోసెపిండికి, చల్లనీళ్లకు ఎంతో వీలు. ఆ ఏర్పాటుకు నేను వ్యతిరేకిని కాను. మా ఇంట్లోనూ ఉన్నది.

నా ప్రశ్న వేరు. ఆ ఫ్రిజ్ దగ్గరికి కరెంటు ఏ దారిన వచ్చింది? వైద్యుడికి ఈ విచారణ ఎందుకని మీరు అడగవచ్చు. ఎలక్ట్రీషియన్ చేయని పనికి చివరి ఫలితం వచ్చి చేరేది ఆసుపత్రికే గనుక. మన దేశంలో విద్యుద్ఘాతం వల్ల ఏటా పదివేలమందికి పైగా మరణిస్తున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రచురించే నివేదికలు చెబుతున్నాయి. సర్వీసులో ఉన్న రోజుల్లో అటువంటివారిని నేనూ చూశాను. వేలి కొసన చిన్న కాలిన మచ్చ, దాదాపు బియ్యపు గింజంత. ఒక్కొక్కసారి అదీ ఉండదు. మిగతా శరీరమంతా నిద్రపోతున్నట్టే ఉంటుంది. బంధువులు చెప్పే వాక్యం మాత్రం ఎప్పుడూ ఒక్కటే: "తడిచేత్తో ముట్టుకుందండీ." ఆ వాక్యాన్ని నేను చాలా ఏళ్లపాటు ప్రమాద కారణంగానే కేసుషీటులో రాసుకున్నాను. ఇప్పుడు దాన్ని నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పాలంటే ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

పదవీ విరమణ తరువాత మేము గోదావరి ఒడ్డునున్న మా ఊళ్లోని పాత ఇంటికి వచ్చి స్థిరపడ్డాం. కొత్త ఫ్రిజ్ కొన్నాం. పాతది వెనక వరండాకు వెళ్లింది. అక్కడ సాకెట్ లేదు. కిటికీలోంచి ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు బయటికి తీసి, మేకుకు తగిలించి, దానికి ఫ్రిజ్ కలిపాం. అది ఏప్రిల్ నెల. మే నెలలో ఒకరోజు మా ఇంట్లో పనికి వచ్చే ఆమె, "అయ్యగారూ, ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే జివ్వుమంటోందండీ" అన్నది. నేను పేపరు చదువుకుంటున్నాను. "చెప్పులు వేసుకొని తియ్యమ్మా" అన్నాను. మరునాడు మా ఆవిడ ఫ్రిజ్ ముందు ఒక చెక్కపీట వేయించింది. సమస్య తీరిందని అందరం అనుకున్నాం.

జూన్‌లో తొలకరి పడిన ఉదయం వరండా గచ్చు తడిసింది. ఆమె అంట్లు తోముతూ మధ్యలో లేచి, పాలగిన్నె కోసం ఫ్రిజ్ పిడి పట్టుకున్నది. పట్టిన చేయి వదలలేకపోయింది. అరవబోయినా గొంతు రాలేదని తరువాత చెప్పింది. కాలు జారి వెనక్కి పడింది కాబట్టి, ఆ బరువుకు చేయి ఊడివచ్చింది. బతికింది. ఈసీజీ తీయించాను, మామూలుగానే ఉన్నది. మోచేయి వాచింది, పదిరోజుల్లో తగ్గింది. ఆ పదిరోజులూ ఆమెకేసి నేను సూటిగా చూడలేకపోయాను.

రోగి ఒక లక్షణం చెప్పినప్పుడు దాన్ని కొట్టిపారేయకూడదని ముప్పై ఏళ్లకు పైగా జూనియర్లకు బోధించినవాడిని. ఛాతీలో బరువుగా ఉందని ఒక మనిషి చెబితే "సోడా తాగి పడుకో" అనే డాక్టరును నేను క్షమించేవాడిని కాను. లోహపు వస్తువు జివ్వుమనడం కూడా అచ్చంగా అటువంటి లక్షణమే. లోపల ఎక్కడో కరెంటు తన దారి తప్పి, ఫ్రిజ్ శరీరంమీదికి వచ్చిందని అది చెబుతున్నది. దానికి నేను రాసిన మందు చెప్పులు. మా ఆవిడ రాసిన మందు చెక్కపీట. నొప్పి తెలియకుండా చేసి జబ్బును లోపల పెరగనిచ్చే మాత్రకు, వీటికి నాకు తేడా కనిపించదు. చెప్పులూ పీటా వద్దని కాదు. అవి ఉన్నంతమాత్రాన ఫ్రిజ్‌ను నడపవచ్చుననుకోవడమే ప్రమాదం.

మరునాడు వచ్చిన ఎలక్ట్రీషియన్ మొదట ఫ్రిజ్‌ను చూడలేదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు కలిపిన గోడసాకెట్‌ను విప్పి నన్ను పిలిచాడు. సాకెట్‌కు మూడు రంధ్రాలున్నాయి, వెనక వచ్చిన తీగలు రెండే. పైనున్న పెద్ద రంధ్రం, అంటే ఎర్తు తీగ ఉండవలసిన చోటు, ఖాళీ. ఇల్లు కట్టిన నాటినుంచీ అంతే. అది అక్కడ ఉన్నది మూడుకాళ్ల ప్లగ్ పట్టడానికి మాత్రమే! మూడో కాలు లావుగా, పొడవుగా ఎందుకు పెట్టారో తెలుసా? ప్లగ్ గుచ్చేటప్పుడు కరెంటుకన్నా ముందు ఎర్తు తగలాలి, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర అది వదలాలి. అంత శ్రద్ధగా రూపొందించిన కాలు మన గోడల్లో శూన్యంలోకి దూరి కూర్చుంటున్నది.

ఇప్పుడు శరీరం సంగతి చూద్దాం. మన ఇళ్లకు వచ్చే విద్యుత్తు 230 వోల్టులు. చేయి పొడిగా ఉంటే చర్మం గట్టి అడ్డు. ఆ నిరోధం పదివేల ఓముల్లో ఉంటుంది. అప్పుడు శరీరంలోకి వెళ్లే కరెంటు కొన్ని మిల్లీ ఆంపియర్లే; జివ్వుమంటుంది, చేయి వెనక్కి లాక్కుంటాం. అదే చేయి తడిసి, కాళ్లకు చెప్పుల్లేకుండా తడిగచ్చుమీద నిలబడితే మొత్తం నిరోధం సుమారు వెయ్యి ఓములకు దిగిపోవచ్చు. 230ని వెయ్యితో భాగించండి. 230 మిల్లీ ఆంపియర్లు. దాదాపు ఒక మిల్లీ ఆంపియరు దగ్గర చర్మానికి తెలుస్తుంది. పది దాటేసరికి ముంజేతి కండరాలు బిగుసుకొని, పట్టిన వస్తువును వదలనివ్వవు. "కరెంటు పట్టి లాగేసింది" అని జనం చెప్పే మాటకు అర్థమిదే; లాగేది కరెంటు కాదు, మన పిడికిలే. ముప్పై ప్రాంతానికి ఊపిరితీసే కండరాలు చిక్కుబడతాయి. యాభై, వంద దగ్గర గుండె లయ చెడి, కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెట్టే అవకాశం ఉన్నది. దాన్ని మేము వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటాం. వెంటనే చికిత్స అందకపోతే అది మరణమే.

ఈ అంకెలు ఊరికే వచ్చినవి కావు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు చార్లెస్ డాల్జీల్ స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారిమీద, పట్టిన తీగను ఎంత కరెంటు వరకు వదలగలరో కొలిచి చూశాడు. పురుషులకు సగటున 16, స్త్రీలకు 10.5 మిల్లీ ఆంపియర్లు అని తేలింది. పెరటి ఫ్రిజ్ పిడి ఎక్కువసార్లు పట్టుకునేది ఎవరో మీకు తెలుసు. అదే డాల్జీల్ 1960ల తొలినాళ్లలో ప్రాణరక్షక సాధనం ఒకటి రూపొందించాడు. దాని బంధువే ఇవాళ మన దుకాణాల్లో ఆర్‌సీసీబీ పేరుతో దొరుకుతున్నది.

"మా ఇంట్లో ఎమ్‌సీబీలు ఉన్నాయి, షాక్ కొడితే పడిపోతాయి" అని చదువుకున్నవారు కూడా నాతో అంటారు. పడవు. ఎమ్‌సీబీ ఉన్నది తీగను కాపాడటానికి. మనిషిని కాపాడటానికి కాదు. పదహారు ఆంపియర్ల ఎమ్‌సీబీ పడాలంటే అంతకు మించిన కరెంటు పారాలి. మనిషిని చంపడానికి అందులో నూరో వంతుకూడా అక్కర్లేదు. మా ఇంట్లో ఆరోజు ఒక్క స్విచ్చీ పడలేదు. ఫ్రిజ్ తన మానాన తాను చల్లబరుస్తూనే ఉన్నది.

ఆర్‌సీసీబీ చేసే పని వేరు. పొద్దున మేతకు తోలిన మేకలను సాయంత్రం కొట్టంలోకి వస్తుండగా లెక్కపెట్టుకునే కాపరిలాంటిది అది. ఫేజ్ తీగలో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్ తీగలో తిరిగి వచ్చిందా అని ప్రతిక్షణం సరిచూస్తుంది. ముప్పై మిల్లీ ఆంపియర్లు తక్కువ వచ్చినా, అవి ఎవరి శరీరంలోంచో, ఏ తడిగోడలోంచో నేలకు పోతున్నాయని గ్రహించి సరఫరా ఆపేస్తుంది. లీకేజీ పెద్దదైతే సెకనులో ఇరవై ఐదో వంతు లోపలే ఆపాలన్నది ప్రమాణం. నిమిషానికి 75సార్లు కొట్టుకునే గుండెకు ఒక్కొక్క స్పందన 0.8 సెకను. అంటే ఒక స్పందనలో ఇరవయ్యో వంతు సమయంలో ప్రమాదం తొలగిపోతుంది. షాక్ తెలుస్తుంది, కానీ గుండె లయ చెడేంత వ్యవధి ఉండదు. ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోండి. ఒక చేత్తో ఫేజ్, మరో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే అది గుర్తించలేదు. దాని లెక్కకు మేకలన్నీ ఇంటికి వచ్చినట్టే.

ఎర్తింగ్ ఉంటే ఇదెందుకు, ఇది ఉంటే ఎర్తింగ్ ఎందుకు అని వాదించేవారున్నారు. రెండూ కావాలి. పెరట్లో గొయ్యి తవ్వి, ఉప్పు, బొగ్గు వేసి దింపిన గొట్టం ఏళ్లు గడిచేకొద్దీ తుప్పు పడుతుంది; వేసవిలో మట్టి ఎండిపోతుంది. అప్పుడు ఎర్తు నిరోధం ముప్పై ఓములకు చేరిందనుకోండి. ఫ్రిజ్‌లో లీకేజీ వస్తే ఆ దారిన పారేది ఏడెనిమిది ఆంపియర్లే. పదహారు ఆంపియర్ల ఎమ్‌సీబీ కదలదు. ఎర్తు ఉండి కూడా ఫ్రిజ్ శరీరం ప్రమాదకరంగానే ఉండిపోతుంది. ఆర్‌సీసీబీ ఉన్నచోట ఆ కరెంటే లక్షణంగా పట్టుబడి, ఎవరూ ముట్టుకోకముందే సరఫరా ఆగుతుంది. ఇక ఎర్తు లేకుండా ఆర్‌సీసీబీ ఒక్కటే ఉంటే, లీకైన కరెంటుకు నేలకు చేరే దారి లేదు గనుక, మొదట ముట్టుకున్న మనిషే ఆ దారి అవుతాడు. ప్రాణం దక్కవచ్చు, కానీ పరీక్ష జరిగేది మనిషి మీద.

ఎర్తు విషయంలో మన ఊళ్లలో జరిగే ఒక మోసాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. మోసమంటే కొందరికి కోపం రావచ్చు. చాలామంది తెలియకే చేస్తారు. టెస్టర్ పెడితే ఫ్రిజ్ మీద వెలుగుతున్నదని మీరు పిలిస్తే, వచ్చినతను సాకెట్ విప్పి ఎర్తు, న్యూట్రల్ రెండింటినీ చిన్న తీగముక్కతో కలిపేస్తాడు. టెస్టర్ వెలగడం మానుతుంది. జివ్వుమనడం ఆగుతుంది. అందరూ సంతోషిస్తారు. తరువాత ఏదో ఒకనాడు గాలివానకు స్తంభం దగ్గరో, మీటరు దగ్గరో, సాకెట్ స్క్రూ వదులై గోడలోనే న్యూట్రల్ తెగుతుంది. ఆ క్షణంనుంచి ఫ్రిజ్‌లో ఏ లోపమూ లేకున్నా, మోటారుగుండా వచ్చిన ఫేజ్ ఆ తీగముక్క దారిన తలుపు పిడికి చేరుతుంది. ఆర్‌సీసీబీ ఉన్నా, ఆ ముక్క వల్ల లీకైన కరెంటు కూడా న్యూట్రల్‌లోనే తిరిగివెళ్లి లెక్క సరిపోయినట్టు చూపుతుంది. కనుక సాకెట్ మూత విప్పినప్పుడు మీరు పక్కన నిలబడి చూడండి. ఎర్తు తీగ పచ్చరంగుది, విడిగా బోర్డునుంచి గొయ్యిదాకా వెళ్లాలి. ఎర్త్ టెస్టర్‌తో కొలిచి ఎన్ని ఓములున్నదో చెప్పమనండి. "బాగానే ఉందండీ" అన్నది కొలత కాదు. బోరు పైపుకు కట్టిన ఎర్తును కూడా నమ్మవద్దు. ఒకనాటి ఇనుపగొట్టాల స్థానంలో ఇప్పుడున్నది ప్లాస్టిక్.

గోడదాకా ఎర్తు సరిగ్గా వచ్చి, మధ్యలో పోయిన సందర్భాలూ ఉన్నాయి. స్టెబిలైజర్ అందులో ముఖ్యమైనది. దాని ముందువైపు మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది, కానీ చవకరకపు పెట్టెల్లో వెనకనుంచి వచ్చే తీగలో ఎర్తు ఉండకపోవచ్చు. రెండుకాళ్ల కన్వర్టర్ పిన్నులు కూడా అటువంటివే. పెరటి ఫ్రిజ్‌కు ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడవద్దని మాత్రం నేను గట్టిగా చెబుతాను. కిటికీ రెక్క కింద నలిగిన తీగ, నేలమీద ఎలుక కొరికిన తీగ, టేపు చుట్టిన అతుకు, వీటిలో ఏదో ఒకటి లేని ఎక్స్‌టెన్షన్‌ను నేను ఏ పెరట్లోనూ చూడలేదు.

కావలసింది పెద్ద ఖర్చు కాదు. మెయిన్ బోర్డునుంచి పెరటి ఫ్రిజ్‌కు విడిగా ఒక లైను, గొట్టంలో వేసిన 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగలు మూడు. ఆ లైనుకే సొంతంగా ఎమ్‌సీబీ, ముప్పై మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. రెండూ ఒకదానిలోనే ఉన్న ఆర్‌సీబీవో కూడా దొరుకుతుంది. కొనేటప్పుడు 30 అనే అంకె చూడండి. 100, 300 మిల్లీ ఆంపియర్లవీ అమ్ముతారు, అవి ప్రధానంగా అగ్నిప్రమాదాలను ఆపడానికి, మనిషికోసం కాదు. సాకెట్ గోడమీద నాలుగడుగుల ఎత్తున, చూరు లోపల, మూత ఉన్న పెట్టెలో ఉండాలి. ఆ పెట్టెమీద ఐపీ 55 అనో 65 అనో ఉంటుంది. రెండో అంకె నీటినుంచి రక్షణను సూచిస్తుంది. ఫ్రిజ్ తీగ సాకెట్‌లోకి పైనుంచి దిగకూడదు. సాకెట్‌కంటే కిందికి ఒక వంపు తిరిగి మళ్లీ పైకి వెళ్లాలి. అప్పుడు తీగ వెంట జారిన వాన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఎర్తింగ్‌కు మన దేశంలో ఐఎస్ 3043 అనే ప్రమాణం, వైరింగుకు ఐఎస్ 732 ఉన్నాయి. మీ ఎలక్ట్రీషియన్‌కు అవి తెలుసా అని అడగడంలో మర్యాదకు లోటేమీ లేదు. డాక్టరును మీరు డిగ్రీ అడగరూ?

ఫ్రిజ్‌ను కుళాయికి, అంట్లు తోమే చప్టాకు ఎంత వీలైతే అంత దూరంగా, స్టాండు మీద పెట్టండి. గ్యాస్ సిలిండరు పక్కన పెట్టవద్దు. గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేలమట్టానికి దిగుతుంది. ఫ్రిజ్ అడుగున కంప్రెసర్ రిలే దగ్గర చిన్న నిప్పురవ్వ చాలు. షెడ్డు ఇనుపరేకులదైతే, దాని స్తంభానికి బట్టలారేసే తీగ కట్టి ఉన్నదేమో చూసుకోండి. రేకుమీద రాపిడికి చిట్లిన తీగ ఒక్కటి ఉంటే షెడ్డు, స్తంభం, బట్టల తీగ అన్నీ కలిసి ఒకే ఉచ్చు అవుతాయి. తడిబట్ట ఆరేస్తూ తల్లి, ఆమెను పట్టుకోబోయి కొడుకు, ఇద్దరూ పోయారన్న వార్తలు వానాకాలంలో మీరు చదివే ఉంటారు.

ఇన్ని చెబితే వచ్చే ఎదురుప్రశ్న నాకు తెలుసు. "ఆర్‌సీసీబీ పెట్టించాం డాక్టరుగారూ, మాటిమాటికీ పడిపోతోంది. ఊరెళ్లి వచ్చేసరికి ఫ్రిజ్‌లోవన్నీ కుళ్లిపోయాయి. తీయించేశాం." ఈ ఫిర్యాదు న్యాయమైనదే. ఇల్లంతటికీ ఒకే ఆర్‌సీసీబీ ఉంటే గీజరు లీకేజీకి ఫ్రిజ్ ఆగుతుంది, చల్లని పదార్థాలు పాడవుతాయి. అందుకే విడి లైను అన్నాను. విడి లైనుమీద కూడా పడిపోతుంటే అది చాదస్తం కాదు. ఫ్రిజ్‌లోనో తీగలోనో లీకేజీ ఉన్నట్టే. పాత ఫ్రిజ్‌ల్లో మంచు కరిగించే హీటరు, కంప్రెసర్ టెర్మినళ్లు, చీమలు గూడుపెట్టిన రిలే తరచుగా దోషులు. జ్వరం వస్తున్నదని థర్మామీటరును పారేయం కదా. అమెరికాలో స్థిరపడిన మన పిల్లల ఇళ్లలోనూ ఇదే కథ విన్నాను. పోపు వాసన ఇల్లంతా పట్టకుండా గరాజులోనో వెనక పాషియోలోనో ఒక పొయ్యి, పక్కనే దోసెపిండికి రెండో ఫ్రిజ్. అక్కడి సాకెట్లకు డాల్జీల్ సాధనం, జీఎఫ్‌సీఐ పేరుతో, నిబంధన ప్రకారం ఉంటుంది. అది పడిపోతున్నదని ఎక్స్‌టెన్షన్ తీగ వేసి లోపలి సాకెట్‌కు కలిపిన చదువరులను నేను ఎరుగుదును. మనవాళ్లు ఎక్కడికి వెళ్లినా మనవాళ్లే!

ఆహారం పాడవుతుందన్న భయానికి వేరే ఉపాయముంది. తలుపు తీయకుండా ఉంచితే కరెంటు పోయిన ఫ్రిజ్‌లో నాలుగు గంటలదాకా చల్లదనం నిలుస్తుంది. ఊరెళ్లేటప్పుడు ఒక గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, పైన ఒక రూపాయి నాణెం పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. తిరిగి వచ్చేసరికి నాణెం మంచు లోపలికి దిగి ఉంటే, మధ్యలో కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట; మాంసం, పాలు పారబోయండి. అసలు ఆరుబయట ఫ్రిజ్ ఎంత చల్లబరుస్తున్నదో కూడా చూడాలి. చాలా ఫ్రిజ్‌ల లేబుల్ మీద ఎన్, ఎస్టీ, టీ అనే అక్షరాలుంటాయి. టీ రకం కూడా చుట్టూ 43 డిగ్రీల వేడి వరకే పనిచేసేలా చేస్తారు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం రేకుల కింద వేడి అంతకు మించుతుంది. లోపల ఒక థర్మామీటరు పెట్టి చూడండి, 5 డిగ్రీలు దాటితే వండిన కూర ఆ ఫ్రిజ్‌లో దాచకండి.

అద్దె ఇళ్లవారి ఇబ్బంది వేరు. గొయ్యి తవ్వే హక్కు వారికి లేదు, ఇంటివారు వినరు. అటువంటప్పుడు పెరట్లో ఫ్రిజ్ పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. తప్పనిసరైతే కనీసం బోర్డులో ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. దాని ఖర్చు రెండువేల రూపాయలకు అటూఇటూ. ఇల్లు మారినప్పుడు విప్పించి తీసుకుపోవచ్చు.

ప్రమాదం జరిగితే ముందు స్విచ్చి, అందకపోతే మెయిన్. మనిషిని ముట్టుకోవద్దు. మెయిన్ దూరమైతే పొడికర్రతో గాని ప్లాస్టిక్ కుర్చీతో గాని తోసి విడిపించండి; మీరు పొడినేలమీద ఉన్నారో లేదో చూసుకొని. ఆపైన మనవాళ్లు అరచేతులు, అరికాళ్లు రుద్దుతూ, ముఖంమీద నీళ్లు చల్లుతూ అమూల్యమైన నిమిషాలు పోగొడతారు. పిలిస్తే పలకక, ఊపిరి సరిగ్గా ఆడకపోతే వెంటనే రొమ్ము మధ్యన రెండు చేతులతో నొక్కడం ప్రారంభించాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవారికి రెండు అంగుళాల లోతున. ఒకరు నొక్కుతుండగా మరొకరు 108కి ఫోన్ చేయాలి. అలసిపోతే మార్చుకోండి, ఆపకండి. విద్యుద్ఘాతంతో ఆగిన గుండె సాధారణంగా ఆరోగ్యమైన గుండె. తిరిగి కొట్టుకునే అవకాశం దానికి ఎక్కువ. తేలికగా బయటపడినవారు కూడా స్పృహ తప్పినా, ఛాతీలో దడగా అనిపించినా, గర్భిణి అయినా ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోవాలి.

"తడిచేత్తో ముట్టుకుంది" అన్న వాక్యానికి తిరిగి వస్తాను. పెరటి వంటింట్లో పొడిచేయి ఎవరికుంటుంది? బియ్యం కడగాలి, చేపలు తోమాలి, అంట్లు కడగాలి, మధ్యలో ఫ్రిజ్ తియ్యాలి. తడిచేయి అక్కడి పనికి సహజమైన స్థితి. ఆ స్థితిలో కూడా ప్రాణం పోకుండా ఉండేలా తీగలు వేయించవలసిన బాధ్యత ఇల్లుగలవారిది. ఇల్లు కట్టేటప్పుడు పాలరాయికి, సీలింగుకు లక్షలు ఖర్చుచేసి, ఎర్తు తీగ దగ్గర పొదుపు చేసి, ఆ పొదుపుకు మూల్యం చెల్లించిన మనిషి చేతిని నిందించడం నాకు అన్యాయంగా తోస్తుంది. మా ఇంట్లో ఆమె లక్షణాన్ని పదిహేను రోజుల ముందే సరిగ్గా చెప్పింది. రోగనిర్ధారణ చేయనిది నేను.

ఇప్పుడు మా వరండాలో విడి లైను ఉన్నది. కొత్త ఎర్తు గొయ్యి తవ్వించాం. వేసవిలో రెండు రోజులకొకసారి దానిలో బకెట్ నీళ్లు పోస్తాం. ఆర్‌సీసీబీ మీద టీ అనే అక్షరంతో చిన్న బొత్తాం ఉంటుంది. నెలకొకసారి దాన్ని నొక్కితే స్విచ్చి టక్కున పడాలి, పడకపోతే మార్పించాలి. ఆ పని చేస్తానని ఆమే అడిగి తీసుకున్నది. ఒకటో తారీకున జీతం తీసుకునే ముందు వెళ్లి నొక్కుతుంది. పడిన చప్పుడు విని, మళ్లీ పైకెత్తి, ఫ్రిజ్ గుర్రుమనేదాకా అక్కడే నిలబడి, అప్పుడు లోపలికి వచ్చి "పడిందండీ, పెట్టేశాను" అని చెబుతుంది.